చీపురు వెనక ఎవరూ ఉండకూడదు

వల్దెసోతో
1986 ఏప్రిల్ 7, సోమవారం

అమ్మా రొసౌరా,

ముందు కూర్చో. దుకాణంలో ఎవరైనా ఉన్ని బేరమాడుతుంటే కాసేపు ఆగమను. డెబ్బై మూడో ఏట నీ తండ్రికి పదవి వచ్చింది!

మార్చి మొదట్లో మన ఊరి కొండ సంఘంలో చేరానని రాశాను కదా. ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి చర్చి ముందు బస్సెక్కడం, ఏదో ఒక కొండ కింద దిగడం, ఎక్కడం, రొట్టె తినడం, దిగడం, ఇంటికి రావడం. మొదటి వారాలన్నీ వానే. ఏటి గట్టున తడుస్తూ నడిచాం, అంతే. నిన్న ఆకాశం తెరిపి ఇచ్చింది. బస్సు దిగగానే సంఘం నాయకుడు ఎర్మీనియో (బ్యాంకు గుమాస్తా, పొడుగాటి మనిషి, నీకు తెలుసు) నన్ను పక్కకి పిలిచి, జేబులోంచి ఒక ఎర్ర రుమాలు, ఒక ఈల తీసి నా చేతిలో పెట్టాడు.

"బెలార్మినో గారూ, ఇవాళ్టి నుంచి మీరే మా చీపురు" అన్నాడు.

నువ్వు కొండలెక్కేదానివి కాదు కాబట్టి చెబుతున్నాను. వరసలో అందరికన్నా చివర నడిచేవాణ్ణి చీపురంటారు. చీపురు వెనక ఎవరూ ఉండకూడదు. అది చట్టం. ఎవరైనా ఆగితే చీపురు ఆగాలి. ఎవరైనా ఇక నా వల్ల కాదు, దిగిపోతానంటే చీపురు కూడా వాళ్ళతో దిగాలి. చివరికి చీపురు బస్సెక్కి తలూపితే గానీ డ్రైవరు తాళం తిప్పడు. ముప్ఫై సీట్ల బస్సు తల్లీ! నేను తలూపాలి!

నువ్వే చెప్పు, ఈ పనికి నన్ను మించినవాడు ఎవడున్నాడు? ముప్ఫై ఆరేళ్ళు సిగ్నల్ క్యాబిన్‌లో కూర్చున్నాను. రైలు దాటిపోతుంటే జనం ఇంజను చూస్తారు. నేను చూసింది ఆఖరి పెట్టెకు వేలాడే ఎర్ర దీపం. అది కనిపిస్తే రైలు మొత్తం వచ్చినట్టు. కనిపించకపోతే ఏదో పెట్టె తెగిపోయి వెనక ఎక్కడో ఉండిపోయినట్టు. ఇప్పుడు ఆ దీపాన్ని నేనే! ఈ మాట ఎర్మీనియోతో అంటే ఆయన బూట్ల వంక చూసుకుంటూ "అవునవును, అందుకే కదా" అన్నాడు. సిగ్గరి మనిషి.

ఇంకా పెద్ద సంగతి ఉంది. ఈ ఏటి పట్టిక బారు గోడకి అంటించారు. అక్టోబరు ఆఖరి ఆదివారం ఎక్కేది ఏ కొండో తెలుసా? పెన్యా కోర్వా! నా క్యాబిన్ కిటికీలోంచి ముప్ఫై ఆరేళ్ళు చూసిన కొండ. "ఆ కొండనే పెళ్ళి చేసుకోవాల్సింది నువ్వు" అనేది మీ అమ్మ. కానీ ఎప్పుడూ ఎక్కలేదు. ఆదివారాలు రైళ్ళకు సెలవుండదు. పని మానేశాక మీ అమ్మ జబ్బు. ఇప్పుడు ఎక్కుతాను. కొన మీద ఇనప పెట్టె ఒకటి ఉంటుంది. ఎక్కినవాళ్ళు పేరు, తేదీ, చిరునామా రాసిన కార్డు అందులో వేసి వస్తారు. ఆ తర్వాత ఎక్కినవాడు ఆ కార్డు దింపుకుని తపాలాలో పంపుతాడు. ముక్కూ మొహం తెలియనివాడు, తన డబ్బుతో బిళ్ళ అంటించి! నా కార్డు మీద నీ చిరునామా రాస్తాను. జరగోసాలో నీ తలుపు సందులోంచి పెన్యా కోర్వా వచ్చి పడుతుంది, చూడు.

బారుకి ఫోను చేయకు. నా చెవుల సంగతి నీకు తెలుసు. నేను వినేలోపు ఊరంతా వినేస్తుంది.

లెక్కలేనన్ని ముద్దులతో,
వరసలో ఆఖరివాడు, నీ తండ్రి
బెలార్మినో


జరగోసా
ఏప్రిల్ 16

నాన్నకు,

నీ ఉత్తరం దుకాణం మూశాక చదివాను. కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి రాయకు, కళ్ళు నొప్పెడుతున్నాయి.

సంతోషంగా ఉన్నావు, మంచిదే. కానీ ఫిబ్రవరిలో డాక్టరు నీ గుండెలో ఏదో చప్పుడు వినపడుతోందని చెప్పిన సంగతి ఉత్తరంలో ఎక్కడా లేదు. మర్చిపోయావా, దాచావా? మా ఇంటికి నాలుగంతస్తుల మెట్లెక్కితే నాకే, నలభై నాలుగేళ్ళదానికే, ఆయాసం వస్తుంది. నీకు డెబ్బై మూడు.

చీపురుగా ఉండటం మంచిదే అనుకుంటున్నాను. వెనక ఉంటే తొందర ఉండదు. ఎవరో ఒకరు దిగిపోతే వాళ్ళతో దిగిపో, మొహమాటపడకు. కొండలు ఎక్కడికీ పోవు. పెన్యా కోర్వా సంగతి అక్టోబరులో చూసుకోవచ్చు, ఇప్పటినుంచీ దాని మీద ఆశ పెంచుకోకు.

ఉన్ని మేజోళ్ళు నాలుగు జతలు పంపుతున్నాను. మడమ దగ్గర రెండు పోగులు వేశాను. రొట్టెలో పందికొవ్వు తగ్గించు.

నీ
రొసౌరా


వల్దెసోతో
మే 12

బంగారు తల్లీ,

మేజోళ్ళు అందాయి! మడమకి మేఘం తొడిగినట్టుంది. "చీపురుగా ఉండటం మంచిదే" అని నువ్వు రాసిన ముక్క బారులో అందరికీ చదివి వినిపించాను. నా కూతురు కూడా ఒప్పుకుంది, చూడండయ్యా అన్నాను. ఎర్మీనియో అప్పుడే కాఫీ తాగుతున్నాడు, పాపం పొలమారింది.

పదవి సంతోషం పదవిదే. కానీ ఒక్క బాధ ఉంది, నీకు కాక ఎవరికి చెప్పుకోను? ఆరు ఆదివారాలు, ఆరు కొండలు, ఒక్క కొన లేదు. ఒక్కటి కూడా!

దీనికంతటికీ ఒకే మనిషి కారణం. మందుల దుకాణం నడిపిన సెలెదోనియో. నా ఈడువాడే. మెడలో కెమెరా. బస్సు దిగగానే మేకపోతులా గెంతుతాడు. కొండ మూడొంతుల్లో రెండొంతులు ఎక్కుతాడు. అక్కడ, ఎవరో గంట కొట్టినట్టు ఆగిపోతాడు.

"బెలార్మినో, ఇక నా వల్ల కాదు. నేను దిగిపోతా."

"ఇంకో అరగంటేనయ్యా! అదుగో కొన, కనిపిస్తోంది!"

"నువ్వు వెళ్ళు."

"నేనెలా వెళ్తాను? నేను చీపురుని."

"అయితే కూర్చో. ఆ అట్టు బయటికి తియ్యి."

నేను తెల్లారుజామున లేచి వేసుకున్న బంగాళాదుంప అట్టు సగం ఆయన తింటాడు. పైగా "ఉప్పు తక్కువైంది" అంటాడు. పైనుంచి మావాళ్ళ కేకలు వినిపిస్తుంటాయి, నా చెవులకి కూడా వినపడేంత గట్టిగా. ఆ కేకలు వింటూ మేమిద్దరం ఆవుల్ని చూస్తూ కూర్చుంటాం, తర్వాత దిగుతాం. నిన్న కొనకి ఎంత దగ్గరలో ఆగామంటే, పైన ఎవరిదో టోపీ గాలికి ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది. టోపీ కూడా కొనకి వెళ్ళొచ్చింది, నేను వెళ్ళలేదు!

ఒక్కవారం రుమాలు ఇంకెవరికైనా ఇవ్వమని ఎర్మీనియోని అడిగాను. "మీరు లేకపోతే నాకు నిద్రపట్టదు బెలార్మినో గారూ" అన్నాడు. అంత మాట అన్నాక ఏమంటాను?

అక్టోబరు కోసం ఓపిక పడుతున్నాను.

నీ మేజోళ్ళలో హాయిగా నిలబడి,
నాన్న


జరగోసా
మే 28

నాన్నకు,

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి, ఉన్ని ఎవరూ కొనరు, దుకాణంలో ఈగలూ నేనూ. అందుకే ఈసారి వెంటనే రాస్తున్నాను.

కొన కొన అని బెంగపడతావెందుకు? ఏముంటుంది అక్కడ, రాళ్ళేగా. సెలెదోనియో గారిని తిట్టుకోకు. ఆ వయసులో, ఆ మోకాలితో, అంతవరకూ ఎక్కడమే గొప్ప. నీకొక తోడు దొరికాడనుకో. ఇద్దరూ నెమ్మదిగా దిగండి. అట్టులో ఉప్పు తక్కువే మంచిది, నీకూ ఆయనకీ.

డాక్టరు దగ్గరికి వెళ్ళావా? జవాబు రాయలేదు.

రొసౌరా


వల్దెసోతో
జులై 7

తల్లీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒకచోట ఆగిపోయాను. సెలెదోనియో మోకాలి సంగతి నీకు నేను రాశానా?

నాకు గుర్తు లేదు. మే మధ్య నుంచి ఆయన మోకాలు పట్టుకుంటున్నాడు, నిజమే. మొదట్లో ఊరికే అలసిపోయానని అనేవాడు. నేను మేలో రాసినప్పుడు మోకాలి మాటే లేదనుకుంటున్నాను. కానీ రాయకపోతే నీకెలా తెలుస్తుంది? అంటే రాసే ఉంటాను. రాసి మర్చిపోయాను. రొసౌరా, నా జ్ఞాపకం పోతోందా? మా అన్నకి ఇలాగే మొదలైంది. వాడు ముందు ఉత్తరాలు మర్చిపోయాడు, తర్వాత మనుషుల్ని. నిజం రాయి. నేను భయపడను.

(భయపడుతున్నాను.)

పద్నాలుగు ఆదివారాలు. కొనలు సున్నా. నిన్నటిది మామూలు గుట్ట, పిల్లతల్లులు కూడా ఎక్కుతారు. అక్కడ కూడా కూలబడ్డాడు!

"ఇది కొండ కూడా కాదయ్యా సెలెదోనియో. దిబ్బ!"

"మోకాలికి ఏం తెలుసు, కొండో దిబ్బో?"

"నిన్ను వీపు మీద ఎక్కించుకుంటా, రా."

"నీ వీపు మీదా? ఇద్దర్నీ కలిపి మోసుకెళ్ళడానికి గాడిద కావాలి అప్పుడు."

నవ్వాను. కానీ తల్లీ, దిగేటప్పుడు ఏడుపొచ్చింది. ఎవరూ చూడలేదు. చీపురు వెనక ఎవరూ ఉండరు కదా.

పెన్యా కోర్వా రోజున నన్ను విడిచిపెట్టమని ఎర్మీనియోని అడిగాను. "చూద్దాం" అన్నాడు. ఆగస్టులో సంఘానికి సెలవు. సెప్టెంబరులో మళ్ళీ. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గుండె గురించి ఏదో అన్నాడు, నేను జ్ఞాపకం గురించి అడిగాను, ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నాన్న


జరగోసా
జులై 18

నాన్నకు,

కంగారుపడకు. మోకాలి సంగతి నువ్వే రాశావు, మే ఉత్తరంలో, చివర్లో, చిన్న అక్షరాల్లో. ఒక ముక్క మర్చిపోతే జ్ఞాపకం పోయినట్టు కాదు. నేను రోజూ తాళంచెవులు మర్చిపోతాను.

ఆగస్టులో ఎండకి తిరగకు. విశ్రాంతి తీసుకో. ఏమీ ఆలోచించకు.

రొసౌరా


వల్దెసోతో
సెప్టెంబరు 15

రొసౌరా గారికి,

మీరు క్షేమమని తలుస్తాను.

నిన్నటికి పంతొమ్మిది ఆదివారాలు. సెలెదోనియో గారు యథాప్రకారం కూలబడి ఎడమ మోకాలు పట్టుకున్నారు. ఆయన కోసం నేను ఊళ్ళో పశువుల వైద్యుడి దగ్గర బాతుకొవ్వు తైలం చేయించి తీసుకెళ్ళాను. ఆయన పంట్లాం పైకి మడిచి, తైలం చేతిలో పోసుకుని, ఆగిపోయాను. రైళ్ళు లెక్కపెట్టినవాణ్ణి. అన్నీ లెక్కపెడతాను.

"ఏ మోకాలు సెలెదోనియో?"

"ఇదే."

"పోయిన వారం అది."

"నొప్పి అటునుంచి ఇటు వచ్చింది."

"నొప్పి రైలా, పట్టాలు మారడానికి?"

ఆయన కెమెరాకి మూత పెట్టారు. తీశారు. మళ్ళీ పెట్టారు. తర్వాత నా మొహం చూడకుండా అన్నారు:

"నా మోకాళ్ళు రెండూ బాగున్నాయి. పంతొమ్మిది ఆదివారాలుగా నేను కూడా ఒక్క కొన చూడలేదు బెలార్మినో. ఎర్మీనియో 'రెండు వారాలే' అన్నాడు."

అన్నీ చెప్పారు. మార్చిలో మీరు ఎర్మీనియో గారికి ఉత్తరం రాశారట. మా నాన్నని కొన మీదికి పోనివ్వకండి, ఆయనకి తెలియకుండా చూడండి అని. నాకు రుమాలు ఇచ్చింది అందుకే. ప్రతివారం ఒక మనిషి కూలబడింది అందుకే. వారం వారం మీకు సమాచారం అందుతోందట, మోకాలితో సహా. సంఘంలో ఇరవై ఇద్దరికీ తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణి, ఎర్ర రుమాలు మెడకి కట్టుకుని, ఈల ఊదుతూ, తలూపుతూ.

అది క్షమించగలను. కానీ మోకాలి సంగతి నేనే రాశానని మీరు రాశారు. ఆగస్టు నెలంతా నేను ఏం చేశానో తెలుసా? రోజూ పొద్దున లేచి కాగితం మీద అన్ని స్టేషన్ల పేర్లూ వరసగా రాసుకున్నాను, ఒక్కటి తప్పినా మా అన్న గుర్తొచ్చి. మీ అమ్మ పుట్టినరోజు రెండుసార్లు రాసుకున్నాను. నా బుర్ర బాగానే ఉందట. ఇక ఉంటాను.

బెలార్మినో


జరగోసా
సెప్టెంబరు 15

నాన్నా,

ఇది రాయడానికి వేసవంతా పట్టింది. మొదలుపెట్టి చింపేసినవి ఎన్నో.

నీ జ్ఞాపకం పోలేదు. మోకాలి సంగతి నువ్వు రాయలేదు. నాకు ఎర్మీనియో గారు రాశారు. మార్చిలో నువ్వు సంఘంలో చేరావని తెలియగానే నేనే ఆయనకి ఉత్తరం రాసి, నిన్ను కొన మీదికి పోనివ్వొద్దని బతిమాలాను. ఆయన పాపం ఒక మార్గం వెతికారు. నువ్వు పదవి వచ్చిందని అంత సంబరంగా రాసేసరికి నిజం చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత అబద్ధం మీద అబద్ధం. "నువ్వే రాశావు" అన్న ముక్క అబద్ధమని తెలిసే రాశాను. అయినా తపాలా పెట్టె దాకా వెళ్ళి వేసి వచ్చాను.

ఇంకో నిజం. డాక్టరు నిన్ను ఎక్కొద్దనలేదు. నేను ఫోను చేసి అడిగాను. ఆగి ఆగి ఎక్కమన్నాడు, అంతే. ఎక్కొద్దన్నది నేను. అమ్మ పోయినప్పుడు నేను చేరేసరికి అంతా అయిపోయింది. రైల్లో పది గంటలు కిటికీ పట్టుకుని నిలబడ్డాను. మళ్ళీ అలా నిలబడలేను నాన్నా. నువ్వు ఏ కొండ మీద ఉన్నావో తెలియని ఆదివారం, సాయంత్రం దాకా నేను ఒక్క కుట్టు సరిగా వేయలేను. ఎర్మీనియో గారి చీటీ వచ్చాకే తిండి దిగేది.

ఆయనకి ఇవాళే మళ్ళీ రాశాను, ఇక అడ్డుపడొద్దని. పెన్యా కోర్వా ఎక్కు. ఆగి ఆగి ఎక్కు.

తిట్టు. కానీ రాయి.

రొసౌరా


వల్దెసోతో
అక్టోబరు 27, సోమవారం

రొసౌరా, నా తల్లీ,

ముప్ఫై అడుగులు! ముప్ఫై అంటే ముప్ఫై, కంటితో నేనే కొలిచాను! ఉండు, వరసగా చెబుతాను.

నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుని పోయాయి. నీది చదివి గడియారం కింద పెట్టాను. ఆరు వారాలు అక్కడే ఉంది. కలం పట్టుకోవడం, కోపం రావడం, పెట్టేయడం. మంచి మాట రాయబోతే ఆగస్టు గుర్తొచ్చేది. తిడదామంటే నువ్వు రైలు కిటికీ పట్టుకుని నిలబడ్డది కనిపించేది. రెండూ కుదరలేదు. మన్నించు.

నిన్న పెన్యా కోర్వా. ఎర్మీనియో సిగ్గుపడి రుమాలు తన మెడకే కట్టుకున్నాడు. "ఇవాళ నేను చీపురు. మీరు ముందు నడవండి పెద్దాయనా" అన్నాడు. నడిచాను! ఆగి ఆగి, నువ్వు చెప్పినట్టే. ఇరవై అడుగులు, ఊపిరి, ఇరవై అడుగులు, ఊపిరి. ఆవుల పాక దాటాక పొగమంచు కమ్మింది. అయినా నేను అలవాటు కొద్దీ మనుషుల్ని లెక్కపెడుతూనే ఉన్నాను. పాక దగ్గర ఇరవై ముగ్గురం. తర్వాత రాళ్ళ జారుడు. అది దాటి తల ఎత్తితే, మంచులోంచి ఇనప పెట్టె కనిపించింది. తుప్పు పట్టి, వంకరగా, చిన్న ఇల్లులా! జేబులో కార్డు తడిమి చూసుకున్నాను.

అప్పుడు వెనక్కి తిరిగి లెక్కపెట్టాను. ఇరవై ఇద్దరు. ఎర్మీనియో కూడా వచ్చేశాడు, రుమాలు కట్టుకుని, రొప్పుతూ. తోక దీపం వచ్చింది కానీ రైల్లో ఒక పెట్టె లేదు!

"సెలెదోనియో ఏడి?" అన్నాను.

ఎవరో నవ్వారు. "కింద మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. 'ఇక నటించక్కర్లేదయ్యా, ముసలాయన ముందే వెళ్ళిపోయాడు' అని చెప్పి వచ్చేశాం."

"నేనూ అదే అనుకున్నాను" అన్నాడు ఎర్మీనియో. తెల్లబోయాడు. ఆయనకి వెనక నడిచే అలవాటు ఎప్పుడూ లేదు. ముందు చూపే.

"నువ్వు వీళ్ళని ఇక్కడే కదలకుండా కూర్చోబెట్టు. ఈ మంచులో ఇంకొకడు పోతే చాలు మనకి. లెక్క తప్పింది పాకకీ రాళ్ళకీ మధ్య, నాకు తెలుసు" అన్నాను.

"ముప్ఫై అడుగులు కూడా లేవు బెలార్మినో గారూ! ఒక్కసారి తాకి రండి! రెండు నిమిషాలు!"

రెండు నిమిషాలే. నిజం. నువ్వు నమ్ము, నమ్మకపో, నా కాళ్ళు పైకి తిరగలేదు. వెనక ఒకడున్నాడని తెలిసి ముందుకి నడవడం ఈ కాళ్ళకి రాదు. ఎర్మీనియో మెడలోంచి రుమాలు లాక్కుని, ఈల తీసుకుని దిగాను.

ఈల ఊదాను. ఎవరూ పలకలేదు, లేదా నాకు వినపడలేదు. ఇంకాస్త దిగి మళ్ళీ ఊదాను. అప్పుడు మంచులోంచి ఒక బూతు వచ్చింది. ఇంత అందమైన బూతు నా జన్మలో వినలేదు! ఒక బండ సందున కాలు ఇరుక్కుని, కెమెరా పగిలి, మొహం పాలిపోయి కూర్చున్నాడు.

"ఏ మోకాలు?" అన్నాను.

"కుడిది! ఒట్టు బెలార్మినో, ఈసారి నిజంగా కుడిదే!"

తైలం సీసా ఇంకా నా సంచిలోనే ఉంది. రాశాను. నా కోటు కప్పాను. అట్టు పెట్టాను. వణుకుతూ నమిలి, "ఉప్పు సరిపోయింది" అన్నాడు దొంగ వెధవ. మంచు పలచబడ్డాక మావాళ్ళు వచ్చి చేతులు కలిపి దింపారు. ఎముక విరగలేదు. మూడు వారాలు మంచం. రోజూ నేనే వెళ్ళి చీట్లాడి వస్తాను.

కాబట్టి కొనలు ఇంకా సున్నా. ఎంత ఉక్రోషంగా ఉందో తల్లీ! పొద్దున కిటికీ తీస్తే పెన్యా కోర్వా మబ్బు ఒక్కటి లేకుండా నిలబడి ఉంది, నన్ను చూసి నవ్వుతూ. కానీ ఒకటి చెప్పాలి. ఈసారి నన్నెవరూ దింపలేదు. నేనే దిగాను. ఆ తేడా ఎంతదో నీకు రాయడం నాకు చేతకాదు. రాత్రి బస్సు మెట్టు మీద నిలబడి తలూపినప్పుడు ఇరవై ఇద్దరూ, సెలెదోనియో ఒంటికాలి మీద, లేచి నిలబడ్డారు, అంతే చెప్పగలను.

బండ పక్కన కూర్చున్నప్పుడు నీ గురించే ఆలోచించాను. మంచులో వాడి జవాబు వినపడని ఆ కాసేపు నేను ఎంత భయపడ్డానో, నువ్వు ఆదివారం ఆదివారం అంతే భయపడ్డావు కాబోలు. ఆరు వందల కిలోమీటర్ల వెనక నుంచి నువ్వు నాకు చీపురువయ్యావు. సరే. కానీ తల్లీ, పదవిలో నీకంటే ముందున్నవాణ్ణి, నేర్పుతాను విను. చీపురు వెనక నడవాలి. ముందువాడి కోటు పట్టుకుని లాగకూడదు. వాడు ఆగితే ఆగాలి, ఎక్కితే ఎక్కాలి. ఎవరినీ మోసం చేసి దించకూడదు. ఇంకెప్పుడూ చేయకు. మిగతాదంతా అయిపోయింది.

వచ్చే మే పదో తారీఖు, ఆదివారం, మళ్ళీ పెన్యా కోర్వా అని ఎర్మీనియో పట్టికలో తన చేత్తో రాశాడు. నువ్వు వస్తున్నావు. ఆయాసం గీయాసం అనకు. మీ మెట్లు రోజుకి రెండుసార్లు ఎక్కి దిగడం ఇవాళే మొదలుపెట్టు. నువ్వు నెమ్మదిగా నడుస్తావు, తెలుసు. ఎంత నెమ్మదిగా నడిచినా ఫరవాలేదు, నీ వెనక నేనుంటాను. నువ్వు ఆగిన చోట నేనూ ఆగుతాను. దిగుతానంటే దిగుతాను, ఒక్క మాట అనను. (లోపల అనుకుంటాను.)

నా కార్డు ఇందులో పెట్టి పంపుతున్నాను, కాస్త నలిగింది. తేదీ దగ్గర ఖాళీ ఉంచాను. నా పేరు కింద నీ పేరు రాసి, వచ్చేటప్పుడు పట్టుకురా. చిరునామా దగ్గర నీ జరగోసా ఇల్లు కొట్టేసి ఇక్కడిది రాశాను, చూడు. ముక్కూ మొహం తెలియనివాడు దాన్ని దింపి పంపడానికి వారమో, రెండు వారాలో పడుతుంది. అది వచ్చేదాకా నువ్వు ఇక్కడే ఉంటావు.

నీ వెనక నిలబడి,
నాన్న